పువ్వుకి తీసిన కొలతలు

జులై 3

మొక్కల గుర్తింపు కార్యాలయంలో ఈ ఉత్తరం ఎవరి బల్ల మీదికి వస్తే వారికి,

అయ్యా,

నేనొక దర్జీని. దర్జీనేమిటి, ఒకప్పటి దర్జీని. నలభై ఒక్క ఏళ్ళు నడిపిన షాపు కిందటేడు మూసేశాను. వీధికి నాలుగు రెడీమేడ్ దుకాణాలు వచ్చాక కొలతలిచ్చి వారం రోజులు ఆగే ఓపిక ఎవరికుంది? ఆ గొడవ మీకెందుకు గానీ, అసలు విషయానికి వస్తాను.

మా ఆవిడ కిందటి నెల స్టూలు మీంచి దిగబోయి కాలు విరగ్గొట్టుకుంది. మోకాలి దాకా కట్టుతో మంచం మీద ఉంది. మా వెనక వీధి దాటితే ఊరి అడవి మొదలవుతుంది. కిటికీలోంచి చూస్తే అక్కడ ఓ పెద్ద చెట్టు మొదట్లో లేత నీలంగా ఏదో కనబడుతోందట. అదేం పువ్వో చూసి రమ్మని నాలుగు రోజులు నా ప్రాణం తోడేసింది. ఐదో రోజు వెళ్ళాను.

మొత్తం పదకొండు మొక్కలు. పువ్వుకి ఐదు రేకులు. రంగు లేత నీలం, ఉతికి ఉతికి వెలిసిన స్కూలు చొక్కా రంగు. రేక మధ్యలో తెల్ల గీత, సన్న చారల పాప్లిన్‌లో ఉండేలాంటిది. ఆకులు రెండే, కోటు కాలరు తిప్పినట్టు ఒకదాని మీదికి ఒకటి వాలి ఉన్నాయి. కాడకి సన్నగా నూగు, ఫ్లానెల్ గుడ్డకి ఉన్నట్టు. వాసన లేదు. ఆ చెట్టు నీడ దాటి ఒక్క మొక్క కూడా ఇవతలికి రాలేదు.

ఇంటికొచ్చి ఇదంతా వివరంగా చెబితే మా ఆవిడ, "అన్నీ చెప్పారు, పేరేంటి?" అంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ అడిగినదానికి తెలియదని చెప్పడం నాకిదే మొదటిసారి. నాకేం నచ్చలేదు. కాబట్టి ఆ పువ్వు పేరు ఒక్క ముక్క రాసి పడేయండి, మళ్ళీ మీ జోలికి రాను.

ఇట్లు,
షాపు మూసేసిన దర్జీ

తా.క. దర్జీ గారి భార్యను రాస్తున్నాను. కవరు అంటించమని నా చేతికిచ్చారు. తెలియదని చెప్పడం మొదటిసారి అని రాశారు, అది నిజమే. ఇన్నేళ్ళూ తెలియకపోయినా తెలుసనే చెప్పారు.

* * *

ఫైలు నం. 212
జులై 9

ఆర్యా,

మీ లేఖ అందినది. అందలి వర్ణన పరిశీలించడమైనది. "వెలిసిన స్కూలు చొక్కా" అను రంగు ఈ కార్యాలయపు రంగుల పట్టికలో లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. కాలరు, పాప్లిన్, ఫ్లానెల్ అనునవి మొక్క భాగములు కావు.

వర్ణనను బట్టి గుర్తింపు చేయుట ఈ కార్యాలయ పద్ధతి కాదు. మొక్కలు మూడింటిని వేళ్ళతో, ఆకులతో, పువ్వుతో సహా తవ్వి, మట్టి దులిపి, వార్తాపత్రికల మధ్య పరచి, పైన బరువు పెట్టి, పది రోజులు ఆరనిచ్చి, జతపరచిన ఫారముతో పాటు పంపవలెను. ఫారములో ఏ గడినీ ఖాళీగా వదలరాదు.

గుర్తింపు అధికారి

తా.క. ఈ అధికారి స్త్రీ. ఇకమీదట "అయ్యా" అనవసరము.

* * *

జులై 12

అమ్మా,

ముందు క్షమించండి. ఉత్తరంలో కరుకుదనం చూసి మగవారనే అనుకున్నాను.

ఇక నా ఒళ్ళు మండిన సంగతి. మూడు మొక్కలు వేళ్ళతో సహా పీకి, ఎండబెట్టి, చదును చేసి పంపాలా? ఉన్నవే పదకొండు. పేరు అడిగినందుకు ప్రాణం తీయమనే పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు గానీ, వారికి బుర్ర ఉన్నట్టు లేదు. నలభై ఒక్క ఏళ్ళలో కొన్ని వేల మందికి కొలతలు తీశాను, ఒక్కరి చెయ్యీ ఊడదీయలేదు. కొలత తీయాలంటే మనిషి నిలబడి ఉండాలి, ఊపిరి పీలుస్తూ ఉండాలి. ఛాతీ దగ్గర టేపు పెట్టగానే ఊపిరి బిగబట్టేవాళ్ళతోనే మాకు తగువు. మీకేమో అసలు ఊపిరే ఉండకూడదు.

కాబట్టి మొక్కను పీకే ప్రసక్తి లేదు. బదులుగా నా పద్ధతిలో నేను చేశాను. ఈ ఉదయం చెట్టు కింద గోనెసంచి పరుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, టేపుతో పువ్వుకి కొలతలు తీశాను. చీటీ జతచేశాను: రేక పొడవు అంగుళం ముప్పావు, వెడల్పు అంగుళంన్నర. కాడ ఎనిమిదంగుళాలు. మా షాపు చీటీ మీద రాసిన కొలతను ఈ ఊళ్ళో ఎవరూ ఏనాడూ వేలెత్తి చూపలేదు. అది చాలదంటారేమోనని ఆ కొలతలతోనే గుడ్డ కత్తిరించి, పువ్వు కుట్టి, కాడలో తీగ పెట్టి పంపుతున్నాను. ఆకులు, తెల్ల గీత, నూగుతో సహా అన్నీ ఉన్నాయి.

ఫారం కూడా నింపాను. "సేకరించిన తేదీ" అన్నచోట "సేకరించను" అని రాశాను. "సేకరించినవారు" అన్నచోట "అలాంటివారు మా ఇంట్లో లేరు" అని రాశాను. ఏ గడీ ఖాళీ లేదు.

ఇట్లు,
దర్జీ

తా.క. నేనే, ఆయన భార్యను. ఆ నీలం నా దిండు గలీబుది. మంచం మీద ఉన్నదాన్ని కదా, తల కింద నుంచి లాగేదాకా నాకు తెలియలేదు. త్వరగా పేరు చెప్పకపోతే రెండో గలీబు కూడా పోయేలా ఉంది.

* * *

ఫైలు నం. 212
జులై 20

ఆర్యా,

గుడ్డతో కుట్టిన పువ్వు నమూనాగా చెల్లదు. కావున దానిని పరిశీలించలేదు. అయితే మీరు పంపిన కొలతల చీటీ అత్యంత వివరముగా ఉన్నందున, ప్రత్యేక సందర్భముగా భావించి దాని ఆధారముగానే గుర్తింపు పూర్తిచేయడమైనది.

ఈ ప్రాంతపు అడవి నీడలో పెరుగు నీలి ఐదురేకుల మొక్కలలో రేక అంగుళంన్నరకు మించి పొడవుండునది ఒక్కటే. దాని పేరు ఓడకలుపు. ఇది ఇక్కడి మొక్క కాదు. ఓడ సరుకుతో వచ్చి, త్వరత్వరగా పాకి, స్థానిక పూలమొక్కలను మింగివేయును. నియమావళి ప్రకారము ఇట్టిది కనబడినచో వెంటనే తొలగించవలెను. కలుపు దళము ఆగస్టు 2 ఉదయము వచ్చి మొక్కలన్నింటిని వేళ్ళతో పీకివేయును. బాధ్యత గల పౌరునిగా సమాచారమిచ్చినందుకు కార్యాలయము తరపున అభినందనలు.

స్థానిక అడవి పువ్వు అనగా ఎట్లుండునో తెలుసుకొనగోరినచో ఈ కార్యాలయము ముందున్న పూలమడిని చూడవచ్చును. పన్నెండేళ్ళుగా దానిని నేను స్వయముగా పెంచుతున్నాను.

గుర్తింపు అధికారి

తా.క. గుడ్డ పువ్వును తిరిగి పంపు ఏర్పాటు లేదు. నా బల్లపై పెన్నుల గ్లాసులో ఉంచడమైనది. వచ్చినవారందరూ ముందు దానిని గూర్చియే అడుగుచున్నందున పనికి అంతరాయము కలుగుచున్నది.

* * *

జులై 23

అమ్మా,

పేరడిగితే చావు కబురు పంపారు. పైగా అభినందనలు.

నేను ఉత్తరం రాయకుండా ఊరుకుని ఉంటే ఆ మొక్కలు ఆ చెట్టు కింద వాటి మానాన అవి ఉండేవి. వాటిని చేతులారా మీకు పట్టిచ్చినవాణ్ణి నేను. మా ఆవిడ ముఖం చూడలేకపోతున్నాను. పువ్వు పేరు తెలిసిందా అని అడుగుతోంది, తెలిసింది గానీ ఆగస్టు రెండు తర్వాత దాంతో పని ఉండదని ఎలా చెప్పను? చెప్పాల్సి వచ్చింది, చెప్పాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

త్వరత్వరగా పాకుతుందని రాశారు. నేను రోజూ వెళ్ళి లెక్కపెడుతున్నాను. జులై మూడున పదకొండు. ఇవాళ పది. ఒకదాన్ని నత్త తినేసింది. పాకే కలుపు ఎక్కడైనా తగ్గుతుందా? పక్కనున్న నాచును మింగలేదు, గడ్డిని మింగలేదు, పాపం దాన్నే నత్త మింగింది. ఒక్కసారి వచ్చి కళ్ళతో చూస్తే తెలిసిపోయే సంగతి ఇది. కానీ మీరు రారు. బల్ల దగ్గర కూర్చుని అడవిని చూసేవాళ్ళు మీరు. బొమ్మకి చొక్కా తొడిగి మనిషికి సరిపోయిందనేవాళ్ళు మా వృత్తిలోనూ ఉన్నారు, వాళ్ళని మేం దర్జీలనం.

ఆగస్టు రెండున నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మీ దళం ముందు నన్ను పీకాలి, ఆ తర్వాతే వాటిని.

దర్జీ

తా.క. కుర్చీ ఆగస్టు రెండున కాదు, నిన్ననే వేసేశారు. వంటింట్లోది. రోజూ తడిసిన మేజోళ్ళతో ఇంటికొస్తున్నారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివారు, రెండోసారి నిలబడి, పక్కింటికి వినబడేలా. ఆ పూట రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నారు. మీ దళం వాళ్ళకి ఒక్క మాట చెప్పండి, మెత్తగా మాట్లాడొద్దని.

* * *

ఫైలు నం. 212
జులై 27

ఆర్యా,

"బల్ల దగ్గర కూర్చుని అడవిని చూసేవాళ్ళు" అను వాక్యము ఈ అధికారిని నొప్పించినది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఈ కార్యాలయము నుండి నాలుగు వేల పైచిలుకు మొక్కలకు పేర్లు చెప్పాను. ఒక్క మొక్క కూడా తిరిగి ఫిర్యాదు చేయలేదు.

నత్త విషయమై: తగ్గిన మొక్కకు ఈ కార్యాలయము బాధ్యత వహించదు. నత్త ఈ కార్యాలయ ఉద్యోగి కాదు.

మీకు అన్యాయము జరుగునను భయము అక్కరలేదు. ఉత్తర్వుకు మీ కొలతల చీటీ నకలు జతచేయడమైనది. ఆ కొలతలకు సరిపోయిన మొక్కలను మాత్రమే, పావంగుళము తేడా వరకు అనుమతించి, ఎక్కడున్నను పీకివేయమని దళమునకు స్పష్టముగా ఆదేశించాము. సరిపోని మొక్కను ముట్టుకోరు. కొలతలు మీవే, చేతిరాత మీదే. మీ షాపు చీటీని ఎవరూ వేలెత్తి చూపలేదని మీరే రాసితిరి.

గుర్తింపు అధికారి

తా.క. అడవిలో వంటింటి కుర్చీ ఉంచుట నియమము 14కు విరుద్ధము. నియమము 14 జంతువుల గురించే అయినను, కుర్చీకి కూడా నాలుగు కాళ్ళున్నందున వర్తించును.

* * *

ఆగస్టు 2

అమ్మా,

మీ దళం వచ్చింది, వెళ్ళింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. 

ఇద్దరు వచ్చారు, ఒక మేస్త్రీ, కొడవలితో ఒకావిడ. నేను కుర్చీలోంచి లేవలేదు. మేస్త్రీ మర్యాదస్తుడే. "పెద్దాయనా, మీ పని మీరు చేసుకోండి, మా పని మమ్మల్ని చేసుకోనివ్వండి" అని, జేబులోంచి నా చీటీ నకలు, ఒక టేపు తీసి, వంగి మొదటి పువ్వుకి టేపు పెట్టాడు. చీటీ చూశాడు. మళ్ళీ టేపు చూశాడు. రెండో పువ్వుకి పెట్టాడు. పదింటికీ పెట్టాడు.

"ఇది కాదమ్మా" అన్నాడు ఆవిడతో. "కాయితంలో అంగుళం ముప్పావు. ఇది ముప్పావంగుళమే."

అప్పుడే నేను నోరు మూసుకోవాల్సింది. కానీ నా కొలత తప్పని ఒక మనిషి నా ముఖం మీదే అంటుంటే ఎలా ఊరుకుంటాను? లేచి నిలబడ్డాను. "చీటీ కరెక్టే. నువ్వే సరిగ్గా చూడటం లేదు" అన్నాను. "రేక ముప్పావే. రెండు వైపులా అరంగుళం చొప్పున కుట్లలోకి పోతుంది. కలిపితే అంగుళం ముప్పావు. వెడల్పూ అంతే. కాడ ఆరంగుళాలే, రెండంగుళాలు మడతకి వదిలాను, పెరిగే వయసు కదా" అన్నాను.

మేస్త్రీ మళ్ళీ వంగి పువ్వుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పువ్వుకి కుట్లెక్కడివి పెద్దాయనా?" అన్నాడు.

కానీ అమ్మా, ఇందులో నా తప్పు లేదు. కుట్లకి వదలకుండా ఒట్టి కొలత రాసిచ్చేవాడు దర్జీ కాడు. నలభై ఒక్క ఏళ్ళు టేపు పెట్టిన ప్రతిసారీ మనసులో అంగుళం కలిపిన చెయ్యి ఇది, పువ్వు అనగానే మానేస్తుందా? అది పద్ధతి. ఆ అంగుళం తీసేసుకోవలసింది మీరు. పోనీ, ఆ గుడ్డ పువ్వు మీద ఒక్కసారి టేపు పెట్టి ఉన్నా తెలిసేది. గుడ్డ కత్తిరించింది అంగుళం ముప్పావుకే, కుట్టాక తేలింది ముప్పావు. సరైన కొలత మీ పెన్నుల గ్లాసులోనే ఉంది, మీరు చూడలేదు. నమూనాగా చెల్లదన్నారు. చెల్లనిదల్లా సరిగ్గా ఉంది, చెల్లినదాంతో చంపబోయారు.

మేస్త్రీ మాత్రం, "కుట్లు గిట్లు మాకు తెలవదు, కాయితానికి సరిపోతేనే పీకాలి" అని టేపు చుట్టేశాడు. వెళ్తూ వెళ్తూ, "కాయితంలో ఉన్న సైజు నీలం పువ్వు ఎక్కడో రోజూ చూస్తున్నట్టుందే" అని ఆవిడతో అంటుంటే విన్నాను.

ఇప్పుడు సరైన కొలత మీకు తెలిసింది. మళ్ళీ కొత్త ఉత్తర్వు వేస్తారో, కొత్త దళాన్ని పంపుతారో మీ ఇష్టం. కుర్చీ అక్కడే ఉంటుంది.

దర్జీ

తా.క. మేస్త్రీ ప్యాంటు కాలి దగ్గర పోగులు ఊడి వేలాడుతున్నాయట. అంత తగువు మధ్యలోనూ ఈయన కళ్ళకి అదే ఆనింది. ఇంటికి లాక్కొచ్చి, మా వరండాలో నిలబెట్టి, అక్కడికక్కడే కుట్టి పంపారు. అతను వద్దంటున్నా వినలేదు. కొడవలి ఆవిడ నాతో కూర్చుని టీ తాగింది, మంచి మనిషి.

* * *

ఆగస్టు 10

దర్జీ గారికి,

ఇది నా సొంత కాగితం మీద, నా సొంత భాషలో రాస్తున్నాను. ఆఫీసు భాషలో రాసే ధైర్యం ఈసారి లేదు.

మీ దగ్గర్నుంచి దళం తిన్నగా మా కార్యాలయానికి వచ్చింది. ఉత్తర్వులో "ఎక్కడున్నను" అని రాసింది నేనే. మా గుమ్మం ముందు పూలమడిలో మేస్త్రీ టేపు పెట్టాడు. అంగుళం ముప్పావు. వెడల్పు అంగుళంన్నర. కాడ ఎనిమిది. ఒక్క గీత తేడా లేదు. నేను మీటింగులో ఉన్నాను. బయటికి వచ్చేసరికి "మన నేల పూలు" అన్న బోర్డు ఒక్కటే నిలబడి ఉంది, దాని వెనక మట్టి తప్ప ఏమీ లేదు. పన్నెండేళ్ళు నీళ్ళు పోసి, ఎరువు వేసి, పిల్లలకి చూపించి పాఠాలు చెప్పి నేను పెంచింది ఓడకలుపును. మేస్త్రీ నాతో సంతకం కూడా పెట్టించుకున్నాడు. కాగితం ప్రకారం అతను చేసింది సరైన పని.

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని మీ గుడ్డ పువ్వుకి టేపు పెట్టాను. ముప్పావంగుళం.

ఆదివారం మీ అడవికి వచ్చాను. మీరు లేరు, కుర్చీ ఉంది, దాని మీద గొడుగు ఉంది. మీ కుర్చీలో గంటసేపు కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళలో చచ్చిన మొక్కలే నా బల్ల మీదికి వచ్చాయి, అడవిలో పుట్టిన మొక్క గాలికి ఊగడం చూసి ఎన్నాళ్ళయిందో గుర్తుకు రాలేదు. మీ మాటకి నాకెందుకు అంత పౌరుషం వచ్చిందో అక్కడ కూర్చున్నాక తెలిసింది.

మీ పువ్వు పేరు నీడచుక్క. ఇక్కడి మొక్కే, ఇక్కడ తప్ప వేరే చోట బతకదు. మా రిజిస్టరులో ఈ అడవి పేరు కింద దాన్ని ఆఖరిసారి రాసి అరవై ఏళ్ళయింది. పోయిందనే అనుకున్నాం. తొలగింపు ఉత్తర్వు రద్దు చేశాను. ఆ చెట్టు చుట్టూ ఎవరూ తవ్వకూడదని రాసి సంతకం పెట్టాను. మీరు పీకి పంపి ఉంటే ఎనిమిదే మిగిలేవి. నన్ను క్షమించండి.

మీ ఫైలు ముగిసింది.

గుర్తింపు అధికారి

తా.క. వెలిసిన స్కూలు చొక్కా రంగే. ఇంకో మాట కుదరదు. మా రంగుల పట్టికలో చేర్చమని పైకి రాశాను, అది ఏ స్కూలో తెలపమని జవాబు వచ్చింది.

* * *

ఆగస్టు 13

అమ్మా,

ఈసారి అడుగున కాదు, మొదటినుంచీ నేనే రాస్తున్నాను.

మీ ఉత్తరం వచ్చేసరికి ఆయన అడవిలో ఉన్నారు. నేనే విప్పి చదివాను. చదివి నా మందుల పెట్టెలో అడుక్కి దాచేశాను. ఆయనకి వచ్చిన ఉత్తరం దాచడం పెళ్ళయ్యాక ఇదే మొదలు.

నీడచుక్క అని నాకు తెలుసమ్మా. మా నాన్న ఆ అడవికి కాపలాదారు. నాకు ఏడేళ్ళప్పుడు ఆ చెట్టు కిందే కూర్చోబెట్టి పేరు చెప్పాడు. వానలు పడ్డ పది రోజులకి ఏటా అక్కడే వస్తుంది, వస్తుందని నాకు తెలుసు. కిటికీలోంచి కనబడిందన్నది అబద్ధం. మా కిటికీలోంచి పక్కింటి గోడ, దాని మీద ఒక పైపు తప్ప ఏమీ కనబడవు. నలభై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఉన్న మనిషికి ఆ సంగతి తట్టలేదు.

షాపు మూసిన రోజు తాళం వేసి ఇంటికొచ్చి, కుట్టుమిషను పెట్టిన గదిలో గోడకేసి చూస్తూ కూర్చున్నారు. పద్నాలుగు నెలలు అలాగే ఉన్నారు. పిలిస్తే పలికేవారు, పెడితే తినేవారు, అంతే. ఉప్పు మరిచిపోయి పెట్టినా మాట్లాడకుండా తిన్నారు. కాలరు నూలుపోగంత వంకర పోయిందని వీధంతా దద్దరిల్లేలా అరిచే మనిషి. పెళ్ళయిన కొత్తలో ఆయన కోపం చూసి నేను భయపడేదాన్ని. కోపం లేని ఆయన్ని చూసి అంతకన్నా ఎక్కువ భయపడ్డాను. లేచి బయటికి నడవండి అంటే నడిచేవారు కాదు. మంచాన పడ్డ పెళ్ళాం అడిగితే కాదనలేరు కదా అని, ఆ పువ్వు పేరు కనుక్కుని రమ్మన్నాను. అంతకు మించి నేను ఏమీ ఆలోచించలేదు. నా పెళ్ళికి ముందునుంచీ ఉన్న మొక్కలు నా మాట వల్ల పోతాయని తెలిసిన రోజు నేను గోడవైపు తిరిగి పడుకున్నది అందుకే.

కానీ మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు చెప్పాలి మీకు. పాప్లిన్ మొక్క భాగం కాదని మీరు రాశారు చూశారా, అక్కడికొచ్చేసరికి "నేనెవరనుకుంటోంది ఈవిడ" అని బల్ల మీద చరిచారు. నా మందు గ్లాసు కింద పడి పగిలింది. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాను. కాలు నొప్పనుకున్నారు పాపం. రెండు రోజుల్లోనే మిషను మీది గుడ్డ తీసి, నూనె వేసి, నా గలీబు కత్తిరించారు. ఆ మిషను చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. నా గలీబులన్నీ పోయినా నేనేం అనుకోను.

ఇప్పుడు మీరు పేరు చెప్పేశారు, క్షమాపణ కూడా అడిగారు, ఫైలు ముగిసిందన్నారు. ఆ ఉత్తరం చదివితే ఆయన చల్లబడిపోతారు. చల్లబడి, కుర్చీ తీసుకుని ఇంటికొచ్చి, మళ్ళీ ఆ గోడ ఎదురుగా వేసుకుంటారు. మీ చేతులు పట్టుకుని అడుగుతున్నాను, ఫైలు మూయకండి. పేరు చెప్పకండి. మర్యాదగా మాత్రం అస్సలు రాయకండి. మొక్కల్ని ఎవరూ పీకరని ఒక్క ముక్క తెలిస్తే చాలు, తక్కినదంతా ఆయన మీతో తగువులాడి తెలుసుకుంటారు.

మీరు గంటసేపు ఆయన కుర్చీలో కూర్చున్నారట. నా కాలు కట్టు విప్పాక నేనూ వస్తాను, అప్పుడు మనం కలుద్దాం.

మీ,
దర్జీ గారి భార్య

తా.క. ఏం రాస్తే కోపం వస్తుందో తోచకపోతే, టేపు గురించి రాయండి.

* * *

ఫైలు నం. 212
ఆగస్టు 17

ఆర్యా,

ఆగస్టు 2 నాటి మీ లేఖ అందినది. తొలగింపు ఉత్తర్వు నిలిపివేయడమైనది. దళము ఇక రాదు. అంతమాత్రమున గుర్తింపు పూర్తయినదని భావించరాదు. మీ మొక్క పేరు చెప్పుటకు ఈ కార్యాలయమునకు తగిన ఆధారములు లేవు.

కుట్లకు వదలిన కొలతను "పద్ధతి" అని పేర్కొంటిరి. ఈ కార్యాలయము దానిని పొరపాటుగానే పరిగణించుచున్నది. నలభై ఒక్క ఏళ్ళ టేపు సాగిపోయి ఉండవచ్చునని కూడా ఇక్కడ కొందరి అనుమానము. కావున కొత్త టేపు కొని, మిగిలిన పది మొక్కలకూ విడివిడిగా ప్రతి వారమూ కొలతలు తీసి, కుట్లు మడతలు లేకుండా, విత్తనము కట్టు వరకు పంపవలెను. తరువాత వచ్చే ఏడాది వానలకు తిరిగి మొదలుపెట్టవలెను. అధికారి స్వయముగా వచ్చి ఎప్పటికప్పుడు సరిచూచును. కుర్చీ విషయమున నియమము 14 ఇంకనూ పరిశీలనలో ఉన్నది.

అసలు ఇది పువ్వేనా అను సందేహము సైతము ఫైలులో నమోదు చేయడమైనది.

గుర్తింపు అధికారి

తా.క. కోపముతో వ్రాసిన ఉత్తరములను ఈ కార్యాలయము స్వీకరించదు. మీ జవాబు కొరకు ఎదురుచూచుచున్నాము.